బుల్లెట్ ట్యాంకు, మూడు అక్షరాలు, ముప్పై ఏళ్ల బంక

2024 సంక్రాంతికి తిరుత్తణి ఇంట్లో అందరం కలిసినప్పుడు అవ్వ ఒక ప్రశ్న వేసింది. "మీ తాత బండి మింద మన ఇంటిపేరు రాయించినాడు గదా, అది ఉందా, పోయిందా?"

వరండాలో పది మందిమి ఉన్నాము. ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. చిన్నాయన "ఉంది, స్టిక్కరు కింద ఉంది" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "ఎక్కడిది? స్టిక్కరు అంటించే ముందే గీకి పారేసినారు" అనింది. బండి పెరట్లో రేకుల కొట్టంలో గోనెపట్టా కప్పుకొని ఉంది. ట్యాంకు ఎడమ పక్కన నెమలి, వేలాయుధం బొమ్మ ఉన్న పెద్ద స్టిక్కరు. 1994 ఆడికృత్తికకి చిన్నాయనే కొండ కింద అంగట్లో కొని అంటించినాడు. ముప్పై ఏళ్లకి నెమలి తెల్లబడింది, అంచులు పెళుసుగా విరుగుతున్నాయి, విరిగిన చోట గోధుమ రంగు బంక గట్టిపడి కూర్చుంది.

మన కుటుంబం గురించి ఇంతకు ముందు భూమి పత్రాల మీద రాసినాము, పెళ్లి శుభలేఖల మీద రాసినాము. ఈసారి బంక మీద రాస్తున్నాము. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. బండికి అంటుకున్న బంక తీయాలంటే ముందు ఆ బండికి రంగు ఎప్పుడు వేశారో తెలియాలి. అది మాకు కొంచెం ఖరీదుగానే తెలిసింది.

తప్పుల గురించి ముందే ఒక మాట. నాన్న ఉద్యోగం కోలారు జిల్లాలో కాబట్టి మా చదువు కన్నడ మీడియం. తెలుగు చదవడం వచ్చింది కన్నడ అక్షరాల పుణ్యమే. తలకట్టు తేడా పట్టుకుంటే ముక్కాలు భాగం చదివేయొచ్చు. రాయడం మాత్రం అవ్వ దగ్గర సెలవుల్లో నేర్చుకున్నదే. చిన్నాయన పిల్లలు తమిళ మీడియం, వాళ్లకి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. బంక అనే వస్తువుకే మా ఇంట్లో మూడు పేర్లు: అవ్వకి బంక, మాకు గోందు, చిన్నాయన పిల్లలకి పశై. తాత రాయించిన ఆ మూడు అక్షరాలు బయటపడితే మా తరంలో చదవగలిగేది మేము ఒక్కరమే.

ఇల్లు అక్కడే, జిల్లాలు మూడు

తాత ట్యాంకు మీద తెలుగులో ఎందుకు రాయించినాడో తెలియాలంటే ఊరి సంగతి కొంచెం చెప్పాలి. తిరుత్తణి ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోది, ఉత్తర ఆర్కాడు జిల్లా కింద ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. తాత పుట్టింది, చదివింది ఆ చిత్తూరు జిల్లా తిరుత్తణిలో, తెలుగులో. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరుతో పాటు మన ఊరూ ఆంధ్రలోకి పోయింది.

తమిళుల వైపు నుంచి మ.పొ. శివజ్ఞానం, మంగళంకిళార్ లాంటి వాళ్లు ఉత్తరపు హద్దు కోసం గట్టిగా పోరాడినారు. తర్వాత పటాస్కర్ మధ్యవర్తిగా కూర్చొని, ఒక్కొక్క గ్రామాన్ని లెక్కలోకి తీసుకొని, ఎక్కడ ఏ భాష మాట్లాడేవాళ్లు ఎక్కువో చూసి హద్దు చెప్పినాడు. దాని మీద 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లా అయింది. అటు నుంచి సత్యవేడు పక్క ఊళ్లు చిత్తూరు జిల్లాకి పోయినాయి. 1997లో చెంగల్పట్టు జిల్లాని విడదీసి తిరువళ్లూరు జిల్లా చేసినారు. తాత ఇల్లు అంగుళం కదల్లేదు. ఇంటికొచ్చే ఉత్తరాల మీద జిల్లా పేరు మాత్రం మూడు రకాలు.

తాతకి ఎవరితోనూ పంతం లేదు. ఎరువుల అంగడి బోర్డు తమిళంలోనే పెట్టుకున్నాడు, కొనేవాళ్లు చదవాలి కదా. బండి మాత్రం తన సొంతం. దాని మీద తనకి నచ్చిన అక్షరం రాయించుకున్నాడు. అంతే.

తిరువొత్తియూరు బండి

ఇప్పుడు బుల్లెట్టంటే అందరికీ హిమాలయాలు గుర్తొస్తాయి. పాతవాళ్లకి గుర్తొచ్చేది తిరువొత్తియూరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదట ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి కంపెనీ. 1901లో తొలి మోటారు సైకిలు చేసింది. మద్రాసు మోటార్స్‌తో కలిసి 1955లో ఇక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టినారు. మొదట్లో భాగాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్లు. క్రమంగా అన్నీ ఇక్కడే తయారైనాయి. ఇంగ్లండు కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడింది, మద్రాసుది ఆగలేదు. తిరువొత్తియూరు కూడా కొన్నాళ్లు తిరువళ్లూరు జిల్లాలోనే ఉండింది. 2018లో చెన్నై జిల్లాలో కలిపినారు.

తాత 1967లో 350 సీసీ బుల్లెట్ కొన్నాడు. నలుపు రంగు, ట్యాంకుకి చేత్తో గీసిన బంగారు గీతలు. ఆ గీతలే బుల్లెట్‌కి గుర్తు. యంత్రం కాదు, మనిషి కుంచె పట్టి ట్యాంకు వంపు వెంబడి ఒక్క దమ్ములో లాగే గీత. 1979లో లారీ తగిలి ట్యాంకు సొట్ట పడింది. తిరువళ్లూరు రోడ్డులో ఒక టింకరింగు షెడ్డులో సొట్ట తీయించి, మొత్తం రంగు మళ్లీ వేయించినాడు. గీతలు మళ్లీ గీయించి, ఎడమ పక్కన ఇంటిపేరు కూడా బంగారు రంగులో రాయించినాడు. ఇంతవరకు అందరూ ఒప్పుకున్న చరిత్ర. ఆ తర్వాతే రెండు పాఠాలు.

ముందు కారు దగ్గర గెలిచినాము

బండి జోలికి పోయే ముందు మాకు ఒక కారు తగిలింది. 2024 ఏప్రిల్ చివర్లో చెన్నై ట్రాఫిక్ పోలీసులు ఒక ప్రకటన చేసినారు: ఉద్యోగం, సంస్థ, పార్టీ పేర్లు చెప్పే స్టిక్కర్లు వాహనాల మీద ఉంటే మే 2 నుంచి జరిమానా. చిన్నాయన కొడుకు రోజూ చెన్నైకి పోయి వచ్చేవాడు. వాడి పాత లాన్సర్ వెనక డిక్కీ మీద ఏదో సంఘం స్టిక్కరు, ముందు యజమాని వేసింది. "అన్నా, నువ్వు టెస్టింగు కదా, టెస్టు చేసి తీసియ్యి" అని మా మీద పెట్టినాడు.

లాన్సర్ తిరువళ్లూరు బిడ్డ. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లకి తిరువళ్లూరులో 1970ల నుంచే మట్టి తవ్వే యంత్రాల ఫ్యాక్టరీ ఉండింది, 2000లో అది క్యాటర్‌పిల్లర్ చేతికి పోయింది. కార్ల ఫ్యాక్టరీ వేరు. అందులో 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ తయారు చేసినారు. ఆ కార్ల ఫ్యాక్టరీ నుంచే ఇప్పుడు సిత్రోయెన్ కార్లు వస్తున్నాయి.

ఇలాంటి కారుకి ఫ్యాక్టరీలో రంగు వేసే తీరు వేరు. ఇనుప బాడీని ప్రైమరు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి ఆ ప్రైమరు అంటేలా చేస్తారు. దాని మీద ఇంకో పొర, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగు లేని గట్టి పొర, క్లియర్ కోట్ అంటారు. వేడి గదుల్లో కాలుస్తారు. అన్ని పొరలూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒక మామూలు కాగితం మందం కంటే కొంచెం ఎక్కువ. అయినా ఆ పై పొర అణువులు ఒకదానికొకటి కొక్కేలు వేసుకున్నట్టు కలిసిపోయి ఉంటాయి కాబట్టి చిన్న చిన్న ద్రావకాలకి లొంగదు.

మేము చేసింది ఇది. ముందు షాంపూ నీళ్లతో కడిగినాము. దుమ్ము ఉండగా రుద్దితే గీతలు పడేది దుమ్ము వల్లే. తర్వాత వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు స్టిక్కరు మీద పరిచి, చల్లబడితే మారుస్తూ ఐదు నిమిషాలు ఉంచినాము. మూల గోటితో లేపి, స్టిక్కరుని దాని మీదికే మడిచి, మెల్లిగా వెనక్కి లాగినాము. పైకి పెరికితే చిరుగుతుంది, మడిచి లాగితే బంకతో సహా వస్తుంది. కొంచెం బంక మిగిలింది. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు మెత్తటి గుడ్డకి పెట్టి, అర నిమిషం ఆనించి తుడిస్తే ఉండలు కట్టి వచ్చేసింది. సబ్బు నీళ్లు, మంచి నీళ్లు, ఆరాక వ్యాక్సు. గంటన్నర పని.

స్టిక్కరు పోయాక అక్కడ కొంచెం ముదురు రంగు చదరం కనిపించింది. తమ్ముడు భయపడినాడు. అది దెబ్బ కాదు. చుట్టూ ఉన్న రంగు ఎండకి వెలిసిపోయింది, స్టిక్కరు కిందది వెలవలేదు. మెల్లిగా పాలిష్ పడితే తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఈ గెలుపే మమ్మల్ని తప్పుదారి పట్టించబోయింది. అదే ఆల్కహాలు సీసా పట్టుకొని మరుసటి ఆదివారం బుల్లెట్ దగ్గరికి పోయినాము.

జమాఖర్చు పుస్తకం అడ్డం పడింది

బండి చూడటానికి వచ్చిన మెకానిక్ మాకంటే ఒక అడుగు ముందుకేసినాడు. "ఆల్కహాలు ఎందుకు సార్, థిన్నర్ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే పోతుంది" అన్నాడు. ఆయన రోజూ చూసే బండ్లకి అది నడిచి ఉండొచ్చు. మేము గుడ్డ తీసుకున్నాము కూడా. అవ్వ లోపల నుంచి "మీ తాత లెక్క పుస్తకాలు చూసినారా, రంగు సంగతి రాసి పెట్టినాడేమో" అనకపోయి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

1979 పుస్తకం దొరికింది. బండి ఖర్చు కింద తాత విడివిడిగా రాసుకున్నాడు: సొట్ట తీసిన కూలి, ఎన్.సి. నలుపు, థిన్నరు, బఫింగు, బంగారు ఎనామిలు, అక్షరాల కూలి. చూసిన వెంటనే చేతిలో గుడ్డ కింద పెట్టేసినాము. ఎన్.సి. అనే రెండక్షరాలు చాలు.

ఎన్.సి. అంటే నైట్రోసెల్యులోజ్. పాత సినిమా రీళ్లు ఏ జాతి పదార్థంతో చేశారో, ఈ రంగూ ఆ జాతిదే. మోటారు కార్ల తొలి రోజుల్లో నూనె వార్నిష్ రంగులు పొర మీద పొర వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. ఫ్యాక్టరీలో కారు తయారయ్యేది వేగంగా, రంగు ఆరేది నిదానంగా. 1920ల మొదట్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ రంగుని తెచ్చి డ్యూకో అని పేరు పెట్టింది. 1923లో జనరల్ మోటార్స్ ఓక్‌లాండ్ కార్లకి నీలం రంగులో వేసి చూపించినారు. గన్నుతో కొడితే గంటల్లో ఆరిపోయేది. మన దగ్గర ఇప్పటికీ పెయింటర్లు గన్నుతో కొట్టే రంగుని డ్యూకో అనే అంటారు. కంపెనీ పేరు పనికి పేరుగా నిలిచిపోయింది.

అంత త్వరగా ఎలా ఆరుతుంది? అందులోని థిన్నరు గాలికి పోతుంది, రంగు మిగులుతుంది. అంతే. లోపల కొత్త ముడి ఏదీ పడదు. కాబట్టి నలభై ఏళ్లయినా మళ్లీ థిన్నరు తగిలితే మళ్లీ కరిగిపోతుంది. నీళ్లు ఆరి గట్టిపడిన బెల్లం మీద మళ్లీ నీళ్లు పోసినట్టు. ఎనామిలు అలా కాదు, అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ముడిపడుతుంది. ఈ కాలం కారు రంగులు ఇంకా గట్టి ముడి. థిన్నరు, అసిటోను, గోళ్ల రంగు తీసే ద్రవం, ఇవన్నీ ఎన్.సి.కి శత్రువులే. ఆల్కహాలు కూడా దాన్ని మెత్తబరుస్తుంది. కారుని కాపాడిన సీసానే బుల్లెట్‌ని పాడు చేసి ఉండేది.

పుస్తకం మాటని కూడా గుడ్డిగా నమ్మలేదు. 1979 తర్వాత ఎవరైనా మళ్లీ రంగు వేసి ఉంటే? మా ఉద్యోగంలో రాసిన పత్రం ఒకటి చెబుతుంది, నడిచే ప్రోగ్రాం ఇంకోటి చేస్తుంది. ట్యాంకు విప్పి తిరగేసి, ఫ్రేమ్ మీద కూర్చునే అడుగు భాగంలో, ఎవరికీ కనపడని చోట రెండు పరీక్షలు చేసినాము. మొదటిది, తెల్ల గుడ్డకి కొంచెం పాలిష్ పెట్టి రుద్దడం. గుడ్డకి నలుపు అంటింది. అంటే పైన రంగు లేని పొర లేదు, రుద్దిన ప్రతిసారీ రంగే పోతుంది. రెండోది, దూది పుల్లకి ఒక్క చుక్క థిన్నరు అద్ది ఆనించడం. ఎనామిలు అయితే ముడతలు పడాలి, కొత్త రకం రంగు అయితే పెద్దగా ఏమీ కాకూడదు. దూది నల్లగా వచ్చింది, రంగు జారింది. పుస్తకం నిజమే చెప్పింది.

రంగుని కాపాడటానికి పుట్టిన బంక

మరి బంక సంగతి? అవ్వ చిన్నప్పుడు బంకంటే తుమ్మబంక, లేకపోతే గంజి. సినిమా పోస్టర్లకి మైదా ఉడికించిన బంక. బస్సుకో, వ్యానుకో పోస్టరు అంటిస్తే తడి గుడ్డ చాలు, నాని వచ్చేసేది. వాటిల్లో నీళ్లే ద్రావకం, నీళ్లు ఏ రంగునీ ఏమీ చేయవు. మా ఇంటి పాత ఫోటోల్లో 1980ల చివరిదాకా ఏ బండి మీదా స్టిక్కరు లేదు. గంధం బొట్టు, పూలదండ, ఆయుధపూజ రోజు అరటి పిలకలు, అంతే.

నొక్కితే అంటుకునే బంక ఇంకో తోవలో వచ్చింది. డ్యూకో రంగు గన్నుతో కొట్టడం మొదలయ్యాక అమెరికాలో రెండు రంగుల కార్లు ఫ్యాషన్ అయినాయి. ఒక రంగు కొట్టేటప్పుడు రెండోదాన్ని కప్పాలి. పెయింటర్లు కాగితాలు అంటించి, పని అయ్యాక పెరికితే కొత్త రంగు కూడా ఊడొచ్చేది. 3ఎం కంపెనీలో పని చేసే రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఒక షెడ్డులో పెయింటర్లు తిట్టుకోవడం చూసి, రంగుని పట్టుకోకుండా ఊడొచ్చే టేపు చేస్తానని పట్టుబట్టి, 1925లో మాస్కింగ్ టేపు తెచ్చినాడు. 1930లో పారదర్శకంగా ఉండే సెలోఫేన్ టేపు కూడా ఆయనదే. 1935లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన వెనక బంక ఉన్న లేబుళ్లు తయారు చేసే వ్యాపారం పెట్టినాడు. ఆ సరుకుకి పెట్టిన పేరుకి అర్థమే శుభ్రంగా ఊడొచ్చేది అని.

అంటే వాహనాల రంగు పాడు కాకూడదని పుట్టిన బంక ఇది. శుభ్రంగా ఊడొస్తుందన్న మాట కొన్ని నెలల వరకు నిజం. ముప్పై ఏళ్లు తిరుత్తణి ఎండలో ఉంచితే అది వేరే పదార్థం అయిపోతుంది.

స్టిక్కర్ల బంక ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రబ్బరు, గుగ్గిలం లాంటి రెసిన్ కలిపింది. ఇది పాతబడితే పసుపు, గోధుమ రంగుకి తిరిగి, ముందు జిడ్డుగా కారి, తర్వాత పెళుసు అవుతుంది. నూనె తగిలితే ఉబ్బుతుంది. రెండోది యాక్రిలిక్. ఎండకి రంగు మారదు, కానీ కాలం గడిచేకొద్దీ పట్టు పెంచుకుంటుంది, ఆల్కహాలుకి మెత్తబడుతుంది. లాన్సర్ మీద ఉన్నది యాక్రిలిక్. బుల్లెట్ మీది గోధుమ రంగు పెళుసు బంక రబ్బరుది. ఇది మా అదృష్టం. నూనెకి లొంగే బంక, నూనెకి చెక్కుచెదరని రంగు. జత కుదిరింది.

మూడు రోజుల పని

ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేసి, మూత తెరిచి రెండు రోజులు ఆరుబయట నీడలో పెట్టినాము. ఎవరైనా ఇలాంటి పని చేస్తే ఇది మరిచిపోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరే ఎక్కువ ప్రమాదం. అందుకే హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానీయలేదు. ఇంకో కారణం, ఎన్.సి. రంగు వేడికి మెత్తబడుతుంది. మే నెల కత్తిరి ఎండలో నల్ల ట్యాంకు పెడితే చెయ్యి పెట్టలేము, కాబట్టి ఎండలోనూ పెట్టలేదు. నీడలో కూర్చొని, చెయ్యి ఓర్చుకునేంత గోరువెచ్చని తడి గుడ్డలు మాత్రమే వాడినాము.

మొదటి రోజు స్టిక్కరు పై పొర. వెచ్చని గుడ్డ పెట్టి, అంచు నుంచి వేలెడు వేలెడు. కొంత దూరం బాగానే వచ్చింది. కుడి మూల దగ్గర ఓపిక తగ్గింది. గుడ్డ చల్లబడిందని తెలిసి కూడా "ఇంకొంచెమే కదా" అని లాగినాము. పటుక్కుమంది. స్టిక్కరు ముక్క చేతిలోకి వచ్చింది, దాని వెనక ఒక బంగారు రంగు మెరిసింది. అక్షరం. తిరగబడిన అక్షరం, అద్దంలో చూసినట్టు. బంక దాన్ని ట్యాంకు మీద నుంచి ఎత్తుకొచ్చేసింది.

చిన్నాయన ఏమీ అనలేదు. అత్త మాత్రం "అయితే గీకలేదు" అని గొణిగింది. ఆ రోజుకి పని ఆపేసినాము.

ఎందుకు ఊడిందో తర్వాత అర్థమైంది. అక్షరాలు ఎనామిలు, కింద నలుపు ఎన్.సి. బఫింగు పెట్టి అద్దంలా నునుపు చేసిన నలుపు మీద ఎనామిలుకి గట్టి పట్టు దొరకదు. బంకకీ అక్షరానికీ ఉన్న పట్టు, అక్షరానికీ నలుపుకీ ఉన్న పట్టు కంటే ఎక్కువ. కాబట్టి మిగిలిన భాగంలో లాగడం అనే పనే ఉండకూడదు.

రెండో రోజు లాగలేదు. కొబ్బరి నూనె దూదికి పట్టించి స్టిక్కరు అంచుల మీద పరిచి, పైన పాలిథీన్ కవరు కప్పి, రాత్రంతా వదిలేసినాము. అవ్వ "తలకి పెట్టేదానికి దొరకదు గానీ ట్యాంకుకి పెడతారు" అని నవ్వింది. పొద్దున్నే చూస్తే అంచు బంక ఉబ్బి మెత్తబడింది. కింద నుంచి వేలితో తోస్తే స్టిక్కరే జారింది. జారిన మేర మళ్లీ నూనె. అలా సాయంత్రానికి మొత్తం బొమ్మ బయటికి వచ్చింది, ఏమీ పెరక్కుండా.

మూడో రోజు మిగిలిన బంక. నూనెతో పోని చోట మినరల్ టర్పెంటైన్, అదీ అడుగు భాగంలో దూది పుల్లతో పరీక్షించాకే. నలుపు జారలేదు, దూదికి రంగు అంటలేదు. ఎన్.సి. కరిగేది థిన్నరుకే, టర్పెంటైనుకి కాదు. కిరోసిను కూడా ఆ జాతిదే, కానీ దాని కంటే టర్పెంటైను శుభ్రంగా ఆరిపోతుంది. పెట్రోలు వద్దే వద్దు. బ్లేడు లేదు, గోరు లేదు, గీకుడు లేదు. దూదిని ఆనించి, లెక్కపెట్టి పది అంకెలు ఆగి, ఒకే వైపుకి దొర్లించడం. అక్షరాల మీద రుద్దకుండా అక్షరం చుట్టూ. చివర్లో సబ్బు నీళ్లు, మంచి నీళ్లు, నీడలో ఆరబెట్టడం, పలచగా వ్యాక్సు. పాలిష్ పట్టలేదు. గుడ్డకి నలుపు అంటడం ముందే చూసినాము, పాలిష్ పడితే తాత వేయించిన రంగే తగ్గుతుంది.

మా ఉద్యోగంలో తప్పు జరిగితే పాత వెర్షన్‌కి వెనక్కి పోవచ్చు. రంగుకి వెనక్కి పోవడం లేదు. కాబట్టి మెత్తటిది ముందు, ఘాటుది చివర. ప్రతి కొత్త సీసాకి ముందు కనపడని చోట ఒక పరీక్ష. ఒకటి పని చేస్తే దాని కంటే ఘాటుది ముట్టుకోవద్దు. లాన్సర్ అయినా, బుల్లెట్ అయినా ఈ వరస ఒక్కటే. సీసా మాత్రం బండి వయసుని బట్టి మారుతుంది.

మిగిలింది

ట్యాంకు మీద రెండు అక్షరాలు నిలిచినాయి. బంగారు రంగు కొంచెం మసకబారింది, ఒక గుడి దీర్ఘం కొస చిట్లింది, అయినా చక్కగా చదవొచ్చు. ఆ పెయింటరు తెలుగువాడో తమిళుడో తెలీదు. తలకట్లు మాత్రం ఒకే వాలులో గీసినాడు. మూడో అక్షరం ఉండే చోట నలుపు మీద దాని నీడ లాంటి ఆకారం ఉంది. ఆ అక్షరం ఉన్న స్టిక్కరు ముక్కని గాజు పలక మీద పెట్టి చిన్న ఫ్రేములో బిగించినాము. గాజు వెనక నుంచి చూస్తే సరిగ్గా చదవొస్తుంది.

తమ్ముడు "అన్నా, ఆ మూడోది మళ్లీ రాయించేద్దాం, తిరువళ్లూరులో మంచి ఆర్టిస్టు ఉన్నాడు" అన్నాడు. ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. చివరికి వద్దనుకున్నాము. ఉన్నది తాత రాయించింది, పోయింది మేము పోగొట్టింది. రెండూ బండి చరిత్రే.

అవ్వని కుర్చీలో కూర్చోబెట్టి ట్యాంకు ఒళ్లో పెట్టినాము. ఆమె చూపుడు వేలితో అక్షరాల మీద రాసినట్టే తిప్పింది, మూడోది ఖాళీ చోట కూడా పూర్తి చేసింది. తర్వాత చిన్నాయన మనవరాలిని పిలిచి, దాని వేలు పట్టుకొని మళ్లీ మూడు అక్షరాలూ దిద్దించింది. ఆ పిల్లకి ఐదేళ్లు, తమిళ మీడియంలో ఇప్పుడే చేరింది.

ఇది చదివే చుట్టాలకి, ఈ పక్క ఊళ్లలో ఉన్న మిగతా తెలుగు కుటుంబాలకి ఒక మనవి. మీ ఇళ్లలో పాత స్కూటరు, కారు, ట్రాక్టరు, ఎడ్లబండి చక్రం, ఏది ఉన్నా సరే, దానికి ఎప్పుడు రంగు వేయించినారో, ఏ రంగో, ఎక్కడో తెలిసినవాళ్లు ఉండగానే ఒక కాగితం మీద రాసి పెట్టండి. పాత బిల్లులు చింపొద్దు. మన తాత ఎన్.సి. అని రాసుకోకపోయి ఉంటే మూడు అక్షరాలూ ఒక్క గుడ్డలోకి వచ్చేసి ఉండేవి. మీ దగ్గర 1979 ముందు బండి ఫోటో ఏదైనా ఉంటే పంపండి. ఫ్యాక్టరీ గీసిన గీతలు ఎలా ఉండేవో మేము ఇంకా చూడలేదు.